ఏడు బటన్లు, ఒకటే పచ్చిపులుసు

పోయిన వారం మా టీములో కొత్తగా చేరిన మౌనిక అనే పిల్ల, తెరిచిన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని అలాగే నా సీటు దగ్గరికి నడిచొచ్చింది. "మేడమ్, పేజీలో పది బటన్లు పెట్టాను. ఏది నొక్కినా పదోదే తెరుచుకుంటోంది. పొద్దుట్నుంచి చూస్తున్నా, పిచ్చెక్కుతోంది" అంది. ఏడవడం ఒక్కటే తక్కువ. నేను ఒకసారి చూసి పకపకా నవ్వాను. పాపం, తనను చూసి కాదు. లూప్ మొదట్లో ఉన్న ఒక్క మాట చెరిపి, ఆ చోట ఇంకో మాట పెట్టి ఇచ్చాను. పది బటన్లూ పది రకాలుగా పనిచేశాయి. "అంతేనా మేడమ్!" అంటూ ఎగురుకుంటూ వెళ్లిపోయింది. ఎందుకలా అయిందని అడగలేదు. ఇప్పుడు అడగక్కర్లేదు కూడా, ఆ ఒక్క మాట తెలిస్తే పని జరిగిపోతుంది. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకే పనీ సాగలేదు. ఏసీ గదిలో కూర్చున్నానన్న మాటే గానీ, ముక్కు నిండా నానిన చింతపండు వాసన.

మాది మాదాపూర్ పక్కన కొత్తగూడ. చుట్టూ అద్దాల మేడలు లేవకముందు నుంచీ అక్కడే ఉన్నవాళ్లం. గల్లీలో కింద రెండు గదులు, పైన కిరాయికిచ్చే ఒక గది, ముందు చిన్న వాకిలి. నాయిన బస్సు డ్రైవరు. అమ్మ సత్తెమ్మ, రోడ్డు మీద కర్రీ పాయింట్ నడిపేది. ఫ్లాట్లలో ఉండే ఆఫీసు పిల్లలు ఇంట్లో కుక్కర్లో అన్నం పడేసుకుని, కూరలకు మా అమ్మ దగ్గరికొచ్చేవారు. తెల్లవారుజామున నాలుగింటికి మా వాకిట్లో కట్టెల పొయ్యి మండేది. నేను కళ్లు తెరిచేసరికి పోపులో వేగే ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల ఘాటు, ఒక పక్క స్టీలు బేసిన్‌లో నానుతున్న చింతపండు. అమ్మ గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని రుచి చూసేది, ఒక్క చుక్క. చూసి, గోడకున్న దేవుడి పటం వైపు ఒకసారి తల ఊపేది, ఆయనేదో అడిగినట్టు. కొనేవాళ్లలో ఒక్కొక్కరినీ నిన్నటి కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి గానీ ఇవాళ్టిది కట్టేది కాదు. "మంది తిని మంచిగుందంటేనే మనం తిన్నట్టు" అనేది. ఆ పిల్లల దగ్గర తన మాట పోకూడదన్నదే ఆవిడ పట్టుదలంతా.

పైగదిలో గ్రేస్ అక్క ఉండేది. ఏలూరు వాళ్లు, తల్లి నర్సు. అక్కకు మాదాపూర్‌లో ఆఫీసు. పొద్దున ఏడున్నరకల్లా తడి జుట్టుతో మెట్లు దిగుతూ "ఆంటీ, వెళ్లొస్తానండి" అని వాకిట్లోంచి కేకేసి వెళ్లేది. ఆదివారాలు తెల్ల చీర కట్టుకుని, బైబిలు చేతి సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్లి, వచ్చేటప్పుడు మా అమ్మకు పూలు తెచ్చేది. మా అమ్మ ఆమెను గ్రేసమ్మ అనేది. నేనప్పుడు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. గట్టిదాన్ని, నోరు గలదాన్ని. నాకు రానిది లోకంలో ఏదీ ఉండదని, ఉన్నా రెండు రోజుల్లో వచ్చేస్తుందని నమ్మేదాన్ని. ఇప్పటికీ కాస్త అంతే. అక్క ఆఫీసు నుంచి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే వెనక నిలబడి చూసి చూసి, ఒకరోజు "నాకు గూడ నేర్పక్కా" అన్నాను. "నేర్పుతా గానీ, మధ్యలో వదిలేస్తే చంపేస్తాను" అంది. రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఏడున్నర వరకు, నేల మీద చాప, చాప మీద ఆమె పాత కంప్యూటరు, పక్కన అమ్మ పంపిన గిన్నెడు బొరుగులు.

అవి సమ్మె రోజులు. బస్సులు ఆగిపోయాయి, బళ్లు మూతపడ్డాయి, వారంలో ఒకటో రెండో బంద్‌లు. నాయిన డ్యూటీ బంద్ చేసి గులాబీ కండువా వేసుకుని పొద్దున్నే దీక్ష టెంటు దగ్గరికి పోయేవాడు. తెలంగాణ వస్తుందని ఆయనకు రవ్వంత అనుమానం లేదు, మాకెవరికీ లేదు. నేను కూడా టెంటులో కూర్చుని పాటలు పాడి గొంతు పోగొట్టుకున్నదాన్నే. కానీ బంద్ అంటే అమ్మ కొట్టు కూడా బందే కదా. రోడ్డు మీద షటరు తెరిచే వీల్లేదు. రెండు మూడు బంద్‌లు అయ్యేసరికి అమ్మ బెంగపడింది. "పొద్దుగాల వచ్చి నా పిల్లలు షటరు జూసి పోతున్నరే. ఇట్లనే అలవాటైతే ఇగ నా దిక్కు సూస్తరా?" అని అడిగేది. వాళ్లను తన పిల్లలనే అనేది. ఇంకో పక్క అక్కకు ఏలూరు నుంచి రోజూ ఫోను. అక్కడ ఏం గొడవలో ఏమో, వచ్చెయ్ అని వాళ్లమ్మ. "నాకేం భయం లేదమ్మా. ఈ ఇంటివాళ్లు నన్ను సొంత పిల్లలా చూస్తారు" అని అక్క మెట్ల మీద నిలబడి చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. వింటుంటే నాకు గర్వంగా ఉండేది.

అమ్మ బెంగ చూసి నేనే అన్నాను, కంప్యూటర్లో పేజీ చేస్తానని. బంద్ రోజున ఇంట్లోనే వండుదాం, కూరల పేర్లకు బటన్లు పెడదాం, ఫ్లాట్లలో ఉన్నవాళ్లు కావాల్సింది నొక్కి పేరు, ఇంటి నంబరు రాస్తే మనకు మెయిలొస్తుంది, మనమే తీసుకెళ్లి ఇద్దాం. అక్కకు ముచ్చటేసింది. తన ఆఫీసు వాళ్లకు, తెలిసిన ఫ్లాట్లకు తానే చెబుతానంది. నేను మొదట ఏడు కూరలకు ఏడు సార్లు అదే రాత రాసుకుంటూ పోయాను. చూసి నవ్వింది. "మీ అమ్మగారు ఏడు డబ్బాలు నింపాలంటే ఏడుగురు మనుషుల్ని పెట్టుకుంటారా? వరసగా పెట్టి, ఒకటే గరిటెతో ఒక చివర నుంచి ఇంకో చివరకు పోసుకుంటూ పోతారు కదా. లూప్ అంటే అదే. డబ్బా మారుతుంది, చేసే పని మారదు." తర్వాత బటన్ సంగతి. "ఎవరైనా వచ్చి తలుపు కొడితే ఈ డబ్బా ఇవ్వు అని మీ అమ్మగారు నీకు పొద్దున్నే చెప్పి పెడతారు చూడు. వాళ్లు వచ్చేది ఎప్పుడో. కానీ మాట ఇప్పుడే చెప్పి ఉంచారు. బటన్‌కి కూడా అంతే, నొక్కినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పి ఉంచాలి." కంప్యూటరు పుస్తకాలు ఎన్నో చదివాను తర్వాత. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

లూపులో క్లిక్ పెట్టడం నేనే సొంతంగా రాసుకుంటానని పట్టుబట్టాను. రాశాను. పేజీలో వరస ఇది: టమాట పప్పు, దొండకాయ వేపుడు, గుత్తొంకాయ, బెండకాయ, చామగడ్డ పులుసు, కోడిగుడ్డు, చివరికి పచ్చిపులుసు. అమ్మను పిలిచి చూపించాను. "ఏదన్న నొక్కమ్మా" అంటే, వేలు కొంగుకు తుడుచుకుని వచ్చి పచ్చిపులుసు నొక్కింది. పేజీలో ఆర్డరు అందిందని వచ్చింది, మెయిలు తెరిస్తే పచ్చిపులుసు అని ఉంది. అమ్మ మొహం వెలిగిపోయింది. నాయిన వచ్చాడు, ఆయనా అదే నొక్కాడు. "మన పచ్చిపులుసు కంప్యూటర్లకెక్కిందే!" అని వాకిట్లోకి పోయి ఇద్దరు ముగ్గుర్ని పిలుచుకొచ్చాడు. వాళ్లూ అదే నొక్కారు. మరి తెలంగాణ కోసం కొట్లాడుతున్న ఇంట్లో, పచ్చిపులుసు ఎదురుగా పెట్టుకుని బెండకాయ ఎవడు నొక్కుతాడు? నేనూ నొక్కలేదు. అక్క మెట్లు ఎక్కుతూ "స్వరూపా, ఏడూ నొక్కి చూశావా? ఒక్కటి కూడా వదలకూడదు" అని అడిగింది. "అన్నీ జూసినక్కా" అన్నాను. పచ్చి అబద్ధం. నేను రాసింది తప్పెలా పోతుందన్న ధీమా.

మర్నాడు బంద్. తొమ్మిదింటికల్లా ముప్పై పైచిలుకు ఆర్డర్లు వచ్చాయి. ఒక్కొక్కటే చదువుతున్నాను. పచ్చిపులుసు. పచ్చిపులుసు. మళ్లీ పచ్చిపులుసు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని "ఒక్కలన్న పప్పు అడగలేదా?" అంది. లేదన్నాను. "గుడ్డు గూడ లేదా? గదేందే, గుడ్డు లేనిది ముద్ద దిగని పిల్లలున్నరు గదా." నాయిన మాత్రం తొడ చరిచాడు. "జమాన మారింది సత్తెమ్మా! ఆంధ్రోళ్లు గూడ పచ్చిపులుసే అడుగుతున్నరంటే ఇగ ఎవడాపుతడు తెలంగాణను?" ఆయన సంబరం చూసి నాక్కూడా నిజమేననిపించింది. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉండదు, చదువుకున్నదాన్ని. గల్లీ చివర కొట్టాయన వెనక తలుపు తీయించి చింతపండు తెచ్చాం. పెళ్లిళ్లకు వాడే గంగాళం దించాం. పచ్చిపులుసుకు పొయ్యి పని తక్కువ. మిరపకాయలు కాల్చి, ఉల్లిగడ్డతో కలిపి చేత్తో పిసకాలి, నువ్వుల పొడి వేయాలి, చిటికెడు బెల్లం. అమ్మ మోచేతుల దాకా పులుసుతో పిసికింది. గంగాళం నిండింది.

పదిన్నరకు అక్క తన స్టీలు డబ్బా పట్టుకుని కిందికి దిగింది. "ఆంటీ, నా గుత్తొంకాయ అయిపోయిందాండి?" అని నవ్వుతూ అడిగింది. అమ్మ తలెత్తి, "నువ్వు గూడ పచ్చిపులుసే పెట్టినవు గద బిడ్డా" అంది. "లేదండీ, నేను గుత్తొంకాయే నొక్కాను." అక్క నా వైపు చూసి, గబగబా మెట్లెక్కి పేజీ తెరిచి ఏడూ నొక్కింది. ఏడింటికీ మెయిల్లో పచ్చిపులుసే. అప్పటికి అమ్మ గంగాళం ముందు కూలబడిపోయింది. "నా పిల్లలు ఆకలికుంటరు. ఒకలు అడిగింది ఒకటి, నేనిచ్చేది ఒకటి. సత్తెమ్మ మోసం జేసిందంటరు" అంది. ఏడవలేదు గానీ, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాయిన నా మీదికొచ్చాడు. "ఎట్లయిందే గిట్ల? ఎవలు నేర్పిండ్రు నీకు ఈ కతలు?" నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అక్కనే చెప్పింది" అన్నాను. మాటకు మాట చూస్తే అబద్ధం కాదు. నేర్పింది ఆమే కదా. అక్క అప్పుడే మెట్లు దిగుతోంది. విన్నది. నా వైపు చూసింది.

అమ్మే ముందు తేరుకుంది. కొంగు బిగించి లేచి, "ఎవలకేం కావాలెనో మనకు తెల్వదు. అన్ని జేద్దాం, కొంచెం కొంచెం. గిన్నెలు పట్టుకొని ఇంటింటికి పోదాం, వాళ్లనే అడిగి పోద్దాం" అంది. ఇక చూడాలి ఆ గంటన్నర. కట్టెల పొయ్యి మీద పప్పు, గ్యాసు మీద ఒక పక్క గుడ్లు, ఒక పక్క గుత్తొంకాయ. అక్క చున్నీ నడుముకు చుట్టుకుని దొండకాయలు తరిగింది. ఆవిడ తరిగినంత సన్నగా మా ఇంట్లో ఎవరూ తరగలేరు. నేను చామగడ్డలు ఒలిచి చేతులు దురదలు పుట్టి గోక్కుంటూనే పని చేశాను. పన్నెండు దాటాక నాయిన తోపుడు బండి తెచ్చాడు. బండి మీద ఆరు గిన్నెలు, మధ్యలో పచ్చిపులుసు గంగాళం. ఇళ్ల నంబర్ల జాబితా అక్క చేతిలో, ఎందుకంటే ఆ ఫ్లాట్లు ఆమెకే తెలుసు. అమ్మ రెండో విడత వండడానికి ఇంట్లో ఉండిపోయింది. మా గల్లీలో ఇవ్వాల్సినవి ఇచ్చి రోడ్డెక్కాం. చౌరస్తాలో టైర్లు కాల్చిన చోట బంద్ చేయిస్తున్నవాళ్లు బండి ఆపారు. నాయిన కండువా చూసి, "తిండి బండి అన్నా, పోనియ్యి" అని వాళ్లే దారిచ్చారు. ఇద్దరు గంగాళంలో గిన్నె ముంచుకుని నిలబడ్డచోటే తాగారు కూడా.

మొదటి అపార్ట్‌మెంట్లో కరెంటు లేదు, లిఫ్టు లేదు. గిన్నెలు మోసుకుంటూ మెట్లెక్కాం. తలుపు తీసినవాళ్లు పచ్చిపులుసు చూసి మొహం చిట్లించడం, మిగతా గిన్నెలు చూసి నవ్వడం. "గుడ్డు నొక్కాను కదండీ!" "ఇగో గుడ్డు, తీస్కోండి. పచ్చిపులుసు ఊరికే, మా అమ్మ ఇయ్యుమన్నది." అంతవరకు బాగానే ఉంది. కానీ నాయిన ప్రతి గడపలోనూ అసలు సంగతి చెప్పాలి కదా. ఊరుకునే మనిషా. "మా మీది రూముల కిరాయికుండే ఆంధ్రామె నేర్పిందండి మా బిడ్డకు. గందుకే గిట్లయింది" అన్నాడు మొదటి ఇంట్లో, నవ్వుతూనే. రెండో ఇంట్లో నవ్వు తగ్గింది. మూడో ఇంటికొచ్చేసరికి, "సక్కగ నేర్పలే. కావాల్ననే జేసిందో ఏందో, ఈ రోజుల్ల ఎవల్ని నమ్ముతం" అన్నాడు. అక్క పక్కనే ఉంది. జాబితాలో టిక్కు పెట్టుకుంటోంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నేను గరిటె పట్టుకుని పప్పు పోస్తున్నాను. పప్పు పోయడంలో అంత శ్రద్ధ నేను జీవితంలో ఎప్పుడూ చూపలేదు.

నాలుగో ఇల్లు ప్రభాకర్ అన్న వాళ్లది. కరీంనగర్ వైపు మనిషి, అమ్మ పాత గిరాకి. బంద్ రోజని ఇంటి నిండా స్నేహితులు, టీవీలో గట్టిగా వార్తలు. నాయిన మళ్లీ మొదలుపెట్టాడు. వింటున్నవాళ్లలో ఒకతను లేచి గుమ్మం దాకా వచ్చి, అక్కను కింద నుంచి పైకి చూసి, "ఈమెనేనా? ఇసుంటోళ్లను ఇంట్ల ఎందుకు పెట్టుకున్నరు కాకా? రూము ఖాళీ జేపియ్యిండ్రి" అన్నాడు. నాయిన కూడా బిత్తరపోయాడు. ఆయన అనుకున్నది అంత దూరం కాదు. అక్క పెన్ను మూత పెట్టుకుని, తలొంచుకుని నిలబడింది. ఏలూరుకు ఫోన్లో చెప్పే మాటలు, ఈ ఇంటివాళ్లు సొంత పిల్లలా చూస్తారన్నవి, నాకు చెవిలో వినబడ్డాయి. అప్పుడు నాకు నోరు పెగిలింది. "తప్పు నాది" అన్నాను. "అక్క సక్కగనే చెప్పింది. ఏడు బటన్లు నొక్కి సూడుమన్నది. నేను పచ్చిపులుసు ఒక్కటే నొక్కి, అన్ని సూసిన్నని అబద్ధం చెప్పిన. నాయినకు తెల్వదు." చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి వెనక్కి తగ్గాడు. ప్రభాకర్ అన్న "లోపల కూసోండమ్మా, మంచినీళ్లు తాగుండ్రి" అన్నాడు అక్కతో. నాయిన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. మిగతా ఇళ్లన్నింటిలోనూ గిన్నెలు అందించాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

నాలుగింటికి ఇల్లు చేరాం. ఆరు గిన్నెలూ ఖాళీ. ఎవరూ కోపం చేసుకోలేదని చెబితే అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత నేనే జరిగిందంతా చెప్పాను, నాయిన అన్న మాటలతో సహా. అమ్మ మొహం మారిపోయింది. "కాలు జారితే తీసుకోవచ్చు గని నోరు జారితే తీసుకోలేం. మీ నాయిన ఏయే ఇండ్లల్ల చెప్పిండో, ఆ ఇండ్లకు ఇప్పుడే పోండ్రి ఇద్దరు. తప్పు నాదని నువ్వు చెప్పు, తెల్వక అన్ననని ఆయన చెప్తడు. పోయొచ్చినంకనే తిండి" అంది. పోయాం. ఆ మూడు ఇళ్లకు మళ్లీ మెట్లెక్కాం, ఇంకా కరెంటు రాలేదు. నాయిన చేతులు కట్టుకుని నిలబడి, "ఆ పిల్ల తప్పు లేదు సార్" అన్నాడు మూడు చోట్లా. బస్సు డిపోలో ఎంత పెద్ద సారుకైనా తల వంచని మనిషి. ఇంటికొచ్చాక మెట్ల కింద నిలబడి, "బిడ్డా గ్రేసమ్మా, జర కిందికి రా. మీ అంకులు తెలివి తక్కువోడు" అన్నాడు. అక్క దిగొచ్చి నవ్వింది. ఆ పూట అందరం వాకిట్లో కూర్చుని మిగిలిన పచ్చిపులుసే పోసుకుని తిన్నాం.

మర్నాడు సాయంత్రం చాప మీద కూర్చుని అక్క నా తప్పు నాకు విడమర్చి చెప్పింది. "నువ్వు బటన్‌కి కూర పేరు ఇవ్వలేదు. పేరు పలక మీద రాసి ఉంటుంది, ఎవరైనా నొక్కినప్పుడు చూసి చెప్పు అన్నావు. పలక ఒక్కటే. లూపు తిరుగుతూ దాని మీదే ఏడుసార్లు తుడిచి రాసింది. జనం నొక్కే వేళకి లూపు అయిపోయింది, పలక మీద మిగిలింది చివరి పేరు. ప్రతి బటన్‌కీ దాని పేరు రాసి విడిగా ఒక చీటీ చేతికివ్వాలి." ఆ చీటీ ఇవ్వడానికి ఇంకో చిన్న ఫంక్షన్ రాయించింది. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఏడూ నొక్కాను, ఏడేసి సార్లు. సమ్మె అయ్యేదాకా ఆ పేజీ మీదే అమ్మ కొట్టు నడిచింది, ఆమె పిల్లలు ఎక్కడికీ పోలేదు. రాష్ట్రం వచ్చింది, నాయిన రోడ్డు మీద గులాల్‌లో మునిగి వచ్చాడు. ఆ పేజీ చూపించే నేను మొదటి ఉద్యోగం తెచ్చుకున్నాను. అక్క పెళ్లి చేసుకుని ఏలూరు వెళ్లి, అక్కడే కాలేజీలో కంప్యూటర్లు చెబుతోంది. మా అమ్మ పోయి రెండేళ్లు. ఇప్పుడు కూర కావాలంటే జనం ఫోను నొక్కుతారు, ఎవరు వండారో తెలియదు, ఉప్పు సరిపోయిందా అని అడిగే మనిషి లేదు, దానికి బదులు ఫోనే నక్షత్రాలు వేయమంటుంది. తప్పు దొరికితే దిద్దే మాట కూడా రెడీగా ఉంటోంది. మంచిదే. రెండు సాయంత్రాలు మిగులుతాయి. నాకు మాత్రం ఆ రెండు సాయంత్రాలతోనే ఇన్నేళ్ల బతుకు గడిచింది, ఆ మాట గట్టిగా చెప్పగలను.

మౌనిక బటన్ల సంగతి చెబుదామని ఆదివారం, చర్చి అయ్యే వేళ చూసి అక్కకు ఫోను చేశాను. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. గంగాళం, నాయిన తొడ చరచడం, అన్నీ గుర్తుచేసుకున్నాం. ఎన్నేళ్ల నుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "అక్కా, నాయిన అన్ని మాటలంటుంటే నువ్వెందుకు నోరు తెరవలే? ఏడు నొక్కుమన్నానని నువ్వే చెప్పొచ్చు గదా."

"నువ్వు చెప్తావని చూశాను" అంది. "ఇంటింటికీ అనుకున్నాను, ఇక్కడ చెప్తుంది, ఈ ఇంట్లో చెప్తుంది అని."

"మూడిండ్లు ఆగినవు పాపం" అన్నాను.

"మూడు కాదు స్వరూపా, ఐదు."

"మూడే అక్కా. నాయిన చెప్పింది మూడిండ్లల్లనే, నాలుగోదాంట్ల నేను ఒప్పుకున్న. మళ్ల పోయి చెప్పొచ్చినం గదా."

"మీ నాన్నగారు చెప్పింది మూడే. అంతకుముందు మీ గల్లీలో రెండిళ్లు ఇచ్చాం. టీచరమ్మ గారిల్లు, ఆ పక్క మేడ. అక్కడ ఆయన బండి దగ్గరే ఉన్నారు, నోరు కూడా తెరవలేదు. నువ్వే చెప్పావు. ఆంధ్రా అక్క నేర్పింది, గందుకే గిట్లయింది అని. మీ నాన్నగారు ఆ మాట నీ దగ్గరే నేర్చుకున్నారే." ఆమె గొంతులో కోపం లేదు, నవ్వుతూనే అంటోంది. "పోనీలే, ఎప్పటి మాట."

నాకు గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోబోతే మాత్రం, గరిటె పట్టుకున్న నా చెయ్యి, టీచరమ్మ వాకిట్లో తులసికోట, నా గొంతే, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇన్నేళ్లుగా ఈ కథ ఎంతమందికి చెప్పానో. ఎంత ధైర్యంగా ఒప్పుకున్నానో అందరికీ చెప్పాను. ఆ రెండు ఇళ్లు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు, అందుకే ఆవిడ అక్కడికి పంపలేదు. సిగ్గుతో నా మొహం మండిపోయింది. "అక్కా, మళ్ల చేస్త" అని ఫోను పెట్టేశాను.

పక్క మేడవాళ్లు అమ్ముకుని ఎటో వెళ్లిపోయారు. టీచరమ్మ ఉంది, అదే ఇంట్లో, మా ఇంటికి ఎనిమిది గడపల అవతల. ఎనభై దాటాయి, చెవులు సరిగా వినబడవు. చెప్పులేసుకుని బయల్దేరాను. గల్లీ అంతా వినబడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను.